లైడెన్ తేలే క్రిస్మస్ సంత: ఒక బజ్జీల బండాయన లెక్క

తీర్పు ముందు చెప్పి, వివరాలకి తర్వాత వస్తా. హాలెండ్‌లో లైడెన్ అని ఒక ఊరు. డిసెంబర్‌లో అక్కడ ఊరి నడిమధ్య కాలవ మీదనే, నీళ్ళలో తేలేట్టు, క్రిస్మస్ సంత పెడతారు. అందులో కొనదగ్గ సరుకు ఒక్కటి, తినదగ్గవి రెండు మూడు. చూడదగ్గది ఆ సంతను నిలబెట్టిన తీరు. అయిదు చుక్కలకి మూడున్నర ఇస్తా. పిల్లలు ఆ దేశాల పక్క ఉద్యోగాల్లో ఉండి, డిసెంబర్‌లో పోవాల్నా వద్దా అని ఊగిసలాడే అమ్మానాయనలకి పనికొస్తుందని రాస్తున్నా.

నా కొలబద్ద ఏందో కూడా తెలియాల. కర్నూల్లో కేసీ కెనాల్‌కి, అంటే కర్నూలు-కడప కాలవకి దగ్గర్లో మాది ఉగ్గాని, బజ్జీల బండి. పొద్దున ఉగ్గాని, సాయంత్రం మిరక్కాయ బజ్జీ, ఎర్రగడ్డ బజ్జీ. మబ్బు పట్టిందంటే పిండి రెండింతలు కలపాల. మా నాయన కాలం నుంచి ఇదే పని. అందుకే యాడికి పోయినా నా కన్ను గోపురం కంటే ముందు బండి మీద పడుతుంది. నూనె ఏ రంగులో ఉంది, పిండి ఎట్ల జారుతోంది, డబ్బులు ఎవరు తీసుకుంటున్నారు, క్యూ ఎంతసేపట్లో కరుగుతోంది. శ్రీశైలం తిరునాళ్ళైనా అంతే, ఉరుసైనా అంతే. మా పాప, అల్లుడు లైడెన్‌లో మందుల పరిశోధన పనిలో ఉన్నారు. "నాయనా, ఎండాకాలం అందరూ వస్తారు. నువ్వు డిసెంబర్‌కి రా, బండ్లన్నీ అప్పుడే బయటికొస్తాయి" అని పాప పట్టుబట్టింది. మా ఆవిడకి చలంటే భయం. అయినా మనవరాలి మాట వచ్చేసరికి మెత్తబడింది.

లైడెన్ మరీ పెద్ద ఊరేం కాదు. స్కిపోల్ విమానాశ్రయం నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే, ఆమ్‌స్టర్‌డామ్ నుంచైతే ముప్పావు గంట కూడా పట్టదు. 1575లో పెట్టిన యూనివర్సిటీ ఉంది. రెంబ్రాంట్ అనే పెద్ద చిత్రకారుడు 1606లో పుట్టింది ఇక్కడే. ఊరంతా కాలవలు. వాటిలో న్యూవె రైన్ అనేది టౌన్‌హాల్ వెనక నుంచి పోతుంది. ఆ టౌన్‌హాల్ 1929లో కాలిపోయిందంట. వీధి వైపు పాత గోడ మాత్రం మిగిలితే దాన్ని అట్లే ఉంచి వెనక కొత్తది కట్టుకున్నారు. బుధవారం, శనివారం వారపు సంత ఈ కాలవ గట్టు మీదనే జరుగుతుంది. క్రిస్మస్ ముందు మాత్రం గట్టు చాలదన్నట్టు నీళ్ళలోకి దిగుతారు. తేలే తెప్పలు ఒకదానికొకటి బిగించి, పైన పలకలు పరిచి, చెక్క గుడిసెలు వరసగా నిలబెట్టి, కప్పుల మీద దీపాల తోరణాలు వేస్తారు. పిల్లలు స్కేటింగ్ చేసే మంచు నేల కూడా నీళ్ళ మీదనే తేలుతూ ఉంటుంది.

వాలు పలక మీదుగా కిందికి దిగంగానే నేను దీపాలు చూడలేదు, పలకల సందులో చూసినా. నల్లటి నీళ్ళు, రెండు జానల కింద. కాలికి ఊగుడు తెలుస్తుందా అని మీరు అడుగుతారు. నడుస్తుంటే తెలియదు, ఒక్క చోట నిలబడితే తెలుస్తుంది. ఒక అంగడి ముందు జనం గుమికూడితే ఆ పక్క కొంచెం దిగినట్టు అనిపిస్తుంది. "తెప్పోత్సవంలో అంగళ్ళు పెట్టినట్టుంది" అంది మా ఆవిడ, నా చెయ్యి వదలకుండా.

మాకు నీళ్ళంటే ఊరికే భయం కాదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూల్లోకి వచ్చినప్పుడు మా బండి, స్టవ్వులు, పిండి డబ్బాలు అన్నీ పోయినాయి. నీళ్ళు తీసినాక బురదలో బాండ్లి ఒక్కటి దొరికింది. అట్లాంటోళ్ళకి కాలవ మీద అంగడి పెట్టుకొని నవ్వుతూ వ్యాపారం చేసేవాళ్ళని చూస్తే కడుపులో ఒక రకంగా ఉంటుంది. రాత్రికి రాత్రి నీళ్ళు లేస్తే ఏం చేస్తారని అల్లుణ్ణి అడిగినా. "లేవవు మామా, లేవనియ్యరు" అన్నాడు.

ఆ ముక్క నాకు సంత కంటే ఎక్కువ నచ్చింది, అందుకే కొంచెం సాగదీస్తా. ఆ చుట్టుపక్కల నేల చానా భాగం సముద్ర మట్టానికి కిందనే ఉంది. అందుకని నీళ్ళ మట్టం చూసుకోడానికే ఒక బోర్డు, రైన్‌లాండ్ బోర్డు, 13వ శతాబ్దం నుంచి ఉంది. ఎక్కువైన నీళ్ళు పంపులతో సముద్రం వైపు తోడేస్తారు, తక్కువైతే లోపలికి వదుల్తారు. ఏడాది పొడుగునా కాలవ మట్టం పెద్దగా మారదు. అట్ల మారకపోబట్టే తెప్పల మీద గుడిసె కట్టి, గట్టు నుంచి కరెంటు తీగ లాగి, ధైర్యంగా దుకాణం తెరుస్తారు. వాళ్ళకేం దెబ్బలు తగల్లేదని కాదు. 1953లో సముద్రం గట్లు తెంచుకొని నైరుతి జిల్లాల మీద పడితే 1,836 మంది పోయినారు. ఆ తర్వాతనే అక్కడ పెద్ద పెద్ద ఆనకట్టలు లేచినాయి. ఇదే లైడెన్ 1574లో స్పెయిన్ సైన్యం ముట్టడిలో ఆకలికి చస్తుంటే, గట్లు డచ్చివాళ్ళే తెగ్గొట్టి పొలాలు ముంచి, ఆ నీళ్ళ మీద పడవల్లో వచ్చి ఊరిని విడిపించుకున్నారు. అక్టోబర్ 3న ఇప్పటికీ ఊరంతా పండగ. ఆ రోజు హెరింగ్ చేప, తెల్ల రొట్టె పంచుతారు.

మా కేసీ కెనాల్ కూడా 1863కీ 1870కీ మధ్య తవ్వినప్పుడు సాగుకీ పడవలకీ రెండింటికీ అనుకున్నదే. 1933 దాకా దాంట్లో పడవలు తిరిగినాయి. ఇప్పుడు ఊరి నడుమ దాని వాసన సంగతి కర్నూలోళ్ళకి చెప్పే పని లేదు. లైడెన్‌లో అంత జనం, అంత తిండి పక్కన పెట్టుకొని కూడా కాలవ నీళ్ళు కంపు కొట్టకపోవడానికి ఒక చుక్క ఇచ్చినా.

ఇంక సరుకు. క్రిస్మస్ చెట్టుకి కట్టే గాజు గోళీలు, కొవ్వొత్తులు, ఉన్ని టోపీలు, చెక్క బొమ్మలు, సబ్బులు, చెవి పోగులు. గాజు గోళీ ఒకటి పది యూరోల దాకా చెప్తారు. యూరో అంటే దగ్గర దగ్గర నూరు రూపాయలు, మీరే గుణించుకోండి. బేరం లేదు. మా ఆవిడ మొదట్లో నవ్వుతూ సగం ధర చేత్తో చూపించింది, అంగడామె కూడా నవ్వుతూ అదే ధర చేత్తో చూపించింది. అంతటితో ఆ కథ ముగిసింది. ఉన్ని సరుకులో కొన్ని చేత్తో అల్లినవి, అల్లినామె పక్కనే కూర్చొని ఇంకోటి అల్లుతుంటుంది. అవి బాగున్నాయి. మిగతా చానా అంగళ్ళలో ఉండేది యాడైనా దొరికే సరుకే. అటువంటి దీపాల పెట్టె ఒకటి పాప ఒక అంగడిలో కొంటే ఇంటికి పోయి స్విచ్ వేసేసరికి సగం వెలిగింది, సగం వెలగలేదు. మర్నాడు మార్చమంటే రసీదు అడిగినారు. సంతలో రసీదు ఎవరు దాచుకుంటారప్పా!

కొనదగ్గది ఒక్కటి అన్నా కదా, అది జున్ను గడ్డ. ఆ ఊరి పేరు మీదనే ఉండే చీజు. దాంట్లో జీలకర్ర వేస్తారు, పొడి కాదు, గింజకి గింజ. ఊరి గుర్తు రెండు అడ్డ తాళంచెవులు. పల్లెల్లో పాతపద్ధతిలో చేసే గడ్డ పైన ఆ తాళంచెవుల ముద్ర కొడతారు. అంగడాయన ఒక సన్న తీగతో పలచగా కోసి కత్తి మొన మీద పెట్టి ఇస్తాడు, తినిచూసి కొనమని. మొదట ఉప్పు తగులుతుంది, తర్వాత పాల కమ్మదనం, నమిలేకొద్దీ జీలకర్ర పైకొస్తుంది. వేడన్నంలో తిందామా అనిపించింది, పాప కోపగించుకుంది. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి. పాతకాలం చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపులో నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి కొనాల. గడ్డ పూర్తిగా మూసి ప్యాక్ చేసి ఇస్తారు.

ఇప్పుడు నా సొంత రాజ్యానికి వస్తా. వేపుడు బండ్లు నేను చూసినవన్నీ గట్టు మీదనే ఉన్నాయి, తెప్పల మీద కాదు. వాటిలో రాజు ఓలీబాల్. నవంబర్‌లో ఊరూరా బండ్లు లేస్తాయి, కొత్త సంవత్సరం దాటినాక మాయం. మైదా, పాలు, గుడ్డు, ఈస్ట్ వేసి జారుడుగా కలిపి, ఎండు ద్రాక్ష వేసి పొంగనిస్తారు. పొంగిన పిండిని ఐస్‌క్రీం తీసే గరిటె లాంటి దాంతో గుండ్రంగా తీసి నూనెలోకి వదుల్తారు. నేను పది నిమిషాలు అట్లే నిలబడి చూసినా. అమ్మే పిల్ల ఇబ్బంది పడలేదు, పాపతో ఏదో అంది. "మీ నాయన తనిఖీ ఆఫీసరా" అని అడిగిందంట.

అది స్టీలు తొట్టి, అడుగున కరెంటు. వేడి 180 డిగ్రీల దగ్గర కట్టేసి ఉంటుంది. మనం పిండి చుక్క వేసి, అది లేచే వేగం చూసి మంట తగ్గించుకుంటామే, ఆ పని మరకి అప్పజెప్పినారు. ఉండ నూనెలో పడంగానే మునుగుతుంది, రెండు క్షణాల్లో పైకి లేస్తుంది. కింద పక్క గట్టిపడంగానే చానా ఉండలు వాటంతట అవే బోర్లా పడతాయి. పడని వాటిని ఆ పిల్ల పుల్లతో ఒక పోటు పొడుస్తుంది. ఒక ఉండ పక్కన తోకలాగా పిండి సాగి వేగితే దాన్ని తీసేయలేదు, అట్లే సంచిలో వేసింది. నాకు ఆ తోకనే నచ్చింది, కరకరలాడింది. చేతికి కాగితం సంచి ఇస్తారు, పైన మెత్తటి చక్కెర పొడి పోస్తారు. గాలికి ఆ పొడి మీ కోటు మీద పడకుండా తినడం ఎవరివల్లా కాదు. నల్ల కోటు వేసుకోకండి.

నూనె సంగతి. ఆ బండిలో నూనె సాయంత్రం కూడా తేనె రంగులోనే ఉంది. ఏం నూనె అని పాపతో అడిగిస్తే వెనకనుంచి డబ్బా తెచ్చి చూపించింది. బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె! డచ్చివాళ్ళ ఇళ్ళలో కూడా ఓలీబాల్ చేయాలంటే బుడ్డల నూనె మంచిదని చానామంది అంటారంట. ఆదోని మార్కెట్‌లో బుడ్డల ధర పెరిగిందని నేను పామాయిలు వైపు చూస్తుంటే, ఏడు సముద్రాల అవతల ఆ పిల్ల బుడ్డల నూనె డబ్బా దర్జాగా చూపిస్తోంది. మూడు మీద ఆ అర చుక్క ఈ డబ్బాకే. ఓలీబాల్ ఒకటి దాదాపు రెండు యూరోలు, పది కొంటే కొంచెం తగ్గిస్తారు. లోపల మెత్తగా, కొంచెం పులుపు వాసనతో, ద్రాక్ష తగిలిన చోట తీపిగా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే తినాల. చల్లారితే నూనె పైకి తేలి నాలుకకి అంటుకుంటుంది. గుడ్డు తినని వియ్యంపురాలిని వెంటబెట్టుకొని పోయేటోళ్ళు ముందే చెప్పండి.

పక్కనే ఆపిల్ వేపుడు. గింజల భాగం తీసి చక్రాలుగా కోసిన ఆపిల్‌ని పిండిలో ముంచి వేయించి, దాల్చినచెక్క కలిపిన చక్కెర చల్లుతారు. అంటే బజ్జీ, ఇంక వేరే పేరేం పెట్టినా సరే. మనసులో పెట్టుకొని చెప్తున్నా అనుకోకండి, ఇక్కడ వాళ్ళ చెయ్యి తక్కువ. పిండి మందం, ఆపిల్ నీళ్ళు వదిలి లోపల తొనకి తొన విడిపోయింది. ముక్కని కాసేపు ఆరబెట్టి, పొడిపిండి అద్ది ముంచితే పిండి పట్టుకుంటుంది. పాప ఈ మాట ఆ పిల్లకి అనువాదం చేయనంది.

పోఫెర్చెస్ అని ఇంకోటి. గుంతపొంగణాల పెనం, అదే. బక్‌వీట్ అనే గింజల పిండితో ఈస్ట్ వేసి పోసి, ఫోర్కుతో టకటకా తిప్పి, వెన్న గడ్డ, చక్కెర పొడి వేసి ఇస్తారు. మనవరాలు తిన్నంత తినింది. కారం లేని పొంగణం నాకెందుకు?

కారం ఎక్కడ దొరికిందో వినండి. ఇది క్రిస్మస్ సంతలో కాదు, అదే గట్టు మీద శనివారం సంతలో. ఒక బండి మీద గుండ్రంగా, నడుమ చిల్లు లేని వడ లాంటివి పేర్చి ఉన్నాయి. వాసన చూసినా, మినుములు. నాకు నమ్మకం కుదరలేదు. బండి వెనక అరవై దాటిన ఆవిడ, ముఖం మనముఖమే. నేను మా కర్నూలు ఉర్దూ కలిపిన హిందీలో "ఇది మినప్పిండా అక్కా" అన్నా. ఆవిడ చెయ్యి ఆపి నన్ను చూసింది. ఆవిడ మాట్లాడింది కూడా ఒక రకం హిందీనే, భోజ్‌పురి యాసతో, మధ్యలో డచ్చి మాటలు. సగం అర్థమైంది, సగం చేతులతో సరిపెట్టుకున్నాం.

ఆవిడ పుట్టింది సూరినాంలో. దక్షిణ అమెరికాలో అది ఒకప్పుడు డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న దేశం. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడ మనవాళ్ళని కూలి ఒప్పందం మీద మొదటిసారి అక్కడికి తీసుకుపోయింది. 1916 దాకా అట్లే ఓడలు పోతూనే ఉన్నాయి, మొత్తం మీద ముప్పై వేలకు పైగా జనం. 1975లో సూరినాం స్వతంత్రం అయిన రోజుల్లో వాళ్ళ పిల్లల పిల్లలు చానామంది హాలెండ్ వచ్చి స్థిరపడినారు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న హేగ్ పట్టణంలో ఎక్కువ. ఈ వడని వాళ్ళు బారా అంటారు. మినప్పిండిలో జీలకర్ర, తెల్లగడ్డ, సన్నగా తరిగిన చామ ఆకు వేసి, పలచగా తట్టి వేయిస్తారు. పైన పసుపుపచ్చ మిరక్కాయ పచ్చడి.

ఆ మిరక్కాయ పేరు మేడమ్ జానెట్. సూరినాం కాయ, బుడ్డగా, పసుపుగా, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఆవిడ కొంచెమే వేసి "సరిపోతుందా" అన్నట్టు చూసింది. మిరక్కాయ బజ్జీలు అమ్మేవాడిని పట్టుకొని అడిగే మాటేనా? ఇంకో చెంచా వేయమన్నా. తొలి ముద్దలో పండు వాసన వచ్చింది. రెండో ముద్దకి చెవులు వేడెక్కినాయి. మూడో ముద్దకి ఆ చలిలో నా టోపీ నేనే తీసేసినా. ఆవిడ నవ్వి, ఇంకో బారా పచ్చడి లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు. వడ నడుమ చిల్లు ఎందుకు పెట్టరని అడిగినా. తెలియదంది, వాళ్ళమ్మ పెట్టలేదంట. లైడెన్ పోయినోళ్ళు తెప్పల సంత చూడకపోయినా పర్వాలేదు, శనివారం ఈ గట్టు మీదికి మాత్రం పోండి.

తాగేవాటిలో గ్లూవైన్ అని ఎర్ర వైన్‌లో దాల్చినచెక్క, లవంగం, నారింజ తొక్క వేసి వేడి చేసి ఇస్తారు. నేను ఒక కప్పు తాగినా, కషాయం మాదిరి గొంతుకి బాగుంది. మా ఆవిడకి హాట్ చాక్లెట్ ఇప్పించినాం, పైన గిన్నెడు మీగడ. చానా చోట్ల కప్పుకి వేరేగా డిపాజిట్ పట్టుకుంటారు, కప్పు తిరిగిస్తే వెనక్కిస్తారు. ఈ పద్ధతి మాత్రం మన తిరునాళ్ళలో పెడితే తెల్లారి ఊడ్చే పని సగం తగ్గుతుంది. పెసల రంగులో చిక్కగా ఉండే బఠాణీ సూపు చూసి పప్పు అనుకొని ఎగబడకండి. దాంట్లో పంది మాంసం, సాసేజి ముక్కలు ఉంటాయి. గంటె నిలబడేంత చిక్కగా ఉంటేనే అది సూపు అని వాళ్ళ లెక్క. ముస్లిం స్నేహితులు మాంసం వస్తువులు ఈ సంతలో వదిలేసి టర్కీవాళ్ళ అంగళ్ళలో హలాల్ తినడం మేలు, ప్రతి ఊళ్ళో ఉన్నాయి.

మనవరాలు స్కేటింగ్ చేసిందా అంటే, చేసింది. ముందర ఒక ఆసరా తోసుకుంటూ. అక్కడి పిల్లలకి అది నడకంత సులువు. ఆ దేశంలో కాలవలు గడ్డకడితే జనం ఆఫీసులు వదిలేసి నీళ్ళ మీదికి దూకుతారంట. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళని కలుపుతూ దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ పందెం ఒకటుంది. దానికి సహజంగా గడ్డకట్టిన మంచు దారి పొడుగునా మందంగా ఉండాల. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. అప్పటినుంచి ప్రతి చలికాలం మంచు గడ్డకడుతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నారు. మేమున్నప్పుడు పడింది వానే. సన్నగా, అడ్డంగా, గాలితో. గొడుగు తిరగబడుతుంది, తలకి టోపీ ఉన్న వాన కోటు కొనుక్కోండి.

ఆమ్‌స్టర్‌డామ్ దీపాల పండగ గురించి కూడా రెండు ముక్కలు. 2012లో మొదలైన పండగ. నవంబర్ చివర నుంచి జనవరి దాకా, కళాకారులు చేసిన దీపాల బొమ్మలు కాలవల మీద, వంతెనల కింద పెడతారు. అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది కాబట్టి పిల్లలని నిద్రపుచ్చే వేళ దాకా ఆగే పని లేదు. అందరూ పడవ ఎక్కమంటారు. మేమూ ఎక్కినాం. పేరు చెప్పను, అద్దాల కప్పున్న పడవ. లోపల జనం ఊపిరికి అద్దాలన్నీ ఆవిరి పట్టినాయి. చేతిరుమాలు పెట్టి తుడుస్తూ, తుడిచిన కంతలోంచి ఒక బొమ్మ, మళ్ళీ ఆవిరి. మనిషికి పాతిక యూరోల పైనే పెట్టి అద్దాలు తుడిచొచ్చినాం. నడిపేటాయన మాత్రం సరదా మనిషి. కాలవ లోతు మూడు మీటర్లంట. ఒక మీటరు బురద, ఒక మీటరు సైకిళ్ళు, ఒక మీటరు నీళ్ళు అని చెప్పినాడు. జోకే, కానీ ఏటా వేల సైకిళ్ళు నిజంగానే కాలవల్లోంచి తీస్తారు.

మరుసటి వారం మళ్ళీ పోయి హెరెన్‌గ్రాఖ్ట్ అనే కాలవ గట్టు మీద నడిచినాం. పైసా ఖర్చు లేదు. బొమ్మలు చానావరకు గట్టు నుంచి కనపడతాయి, నీళ్ళలో నీడతో సహా. అసలు ఆ ఊరి అందం బొమ్మల్లో లేదు, వంతెనల కమానుల అంచున వరసగా వెలిగే బల్బుల్లో ఉంది. అవి ఏడాదంతా ఉంటాయి, వాటికి టికెట్ లేదు. 17వ శతాబ్దపు వ్యాపారుల ఇళ్ళు సన్నగా, ముందుకి కొంచెం వంగి నిలబడి ఉంటాయి. ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి కొక్కెం. మెట్లు ఇరుకు కాబట్టి మూటలు తాడేసి కిటికీలోకి లాగేవాళ్ళంట. ఇప్పటికీ బీరువాలు అట్లనే ఎక్కిస్తారు. మా ఆవిడకి దీపాల బొమ్మల కంటే ఈ కొక్కేలే గుర్తున్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పడవ తప్పదంటే, పైకప్పు లేని పడవ చూడండి. దుప్పటి ఇస్తారు, చలేస్తుంది, కానీ కనపడుతుంది.

నడిచేటప్పుడు ఎర్ర రంగు దారి మీద అడుగు పెట్టొద్దు, అది సైకిళ్ళది, గంట కొట్టి ఆగరు. రైలూ ట్రామూ రెండింటికీ బ్యాంకు కార్డు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకించాల. దిగేటప్పుడు మరిచిపోతే ఎక్కువ కోస్తారు. సంతలో చానా అంగళ్ళు నోట్లు ముట్టుకోవు, కార్డే. మరుగుదొడ్డికి కూడా డబ్బులు కట్టాల, కాబట్టి కాఫీ తాగిన చోటే ఆ పనీ చూసుకోండి. తెప్పల సంత నెలంతా ఉండదు, తేదీలు ఏటా మారతాయి. టికెట్ కొనేముందే పిల్లలతో చూపించుకోండి. డిసెంబర్ 25, 26 రెండు రోజులూ వాళ్ళకి సెలవే, అంగళ్ళు చానావరకు మూసి ఉంటాయి. ఆ రెండు రోజులకి కూరగాయలు ముందే తెచ్చి పెట్టుకోవాల.

డిసెంబర్ 5 లోపల చేరుకుంటే ఇంకా మంచిది. ఆ రాత్రి సింటర్‌క్లాస్ అనే తెల్ల గడ్డం పెద్దాయన పిల్లలకి బహుమతులు ఇస్తాడు. వాళ్ళకి అసలు బహుమతుల పండగ అదే, క్రిస్మస్ కాదు. అంగళ్ళలో పిల్లల పేరు మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్లు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వేసిన గోళీకాయంత బిస్కెట్లు కుప్పలు. తూర్పు దేశాల మసాలా దినుసుల మీద వ్యాపారం చేసిన జనం కదా, పండగ పిండివంటలో అవే మిగిలినాయి. ఆ బిస్కెట్లు కిలో సంచి కొనుక్కొని తెచ్చినాం, బండి దగ్గరికొచ్చే పిల్లలకి పంచితే ఒక్కరూ వద్దనలేదు.

చివరిగా ఓలీబాల్ తినేవాళ్ళకి ఒక మాట. డిసెంబర్ 31న ప్రతి ఇంట్లో ఉండి తీరాల్సిన తిండి అది. ఆ రోజు సాయంత్రం బండి దగ్గరికి పోతే వీధి మలుపు దాకా క్యూ, ఉండలు కూడా తొందరలో సగం వేగి లోపల పచ్చిగా వస్తాయి. పొద్దున బండి తెరిచేసరికే పోండి, తొలి వాయి తీసుకోండి, నూనె కొత్తగా ఉంటుంది.